మంచుకొండకు నూరేళ్ళ నాటి ఫోటో ఉంది, మన గుట్టకు ఏది?

పోస్టు పెద్దగానే ఉంటది, తిన్నాక తీరిగ్గా చదవండి. విషయం ఏందంటే మంచు. నవ్వకండి. చలికాలం పొద్దున వాగు మీద లేచే మంచు కాదు. ఎత్తైన కొండల మీద వందల వేల ఏళ్ళుగా పడి, గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారే మంచు. స్కూల్లో హిమానీనదం అని చదివి, రెండు మార్కుల ప్రశ్నకు రాసి మర్చిపోయినం కదా, అదే.

ఆ హిమానీనదాలను నూరు, నూట పాతికేళ్ళ కిందట కొందరు పెద్ద పెద్ద కెమెరాలు కొండ మీదికి ఎక్కించి ఫోటోలు తీశారు. ఇప్పుడు మళ్ళీ కొందరు అదే రాయి మీద, అదే నెలలో, అదే పొద్దుకు నిలబడి అదే ఫోటో తీస్తున్నారు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఎంత మంచు పోయిందో లెక్కలు రాని వాళ్ళకు కూడా అర్థమైతది. ఈ పని మన పిల్లలు నేర్చుకోవాల్సిన పని అని నా అభిప్రాయం. ఆ ఫోటోలు చూసినప్పుడు మనకు రావాల్సిన కోపం కూడా ఒకటుంది. అది కూడా దాచకుండా చెప్తా.

హాస్టల్లో మా సీనియర్ అన్నకు ఈ మాట చెప్తే, "మన వాగు మార్చికే ఎండిపోతుంటే నీకు ఆల్ప్స్ మంచు ఎందుకురా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మన గోదావరి, ఇంద్రావతి, శబరి మంచు కరిగి పారే నదులు కావు, వాన నదులు. హిమాలయాల్లో మంచు పోతే రేపు మన ఊరి చెలమ ఎండిపోతదని చెప్తే అబద్ధం. నేను ఆ దారిలో పోను. నాకు ఇందులో పట్టుకున్నది నీళ్ళ సంగతి కాదు, రుజువు సంగతి. పోయినదాన్ని "ఇదిగో, ఇది ఇక్కడ ఉండేది" అని ఎట్లా నిరూపిస్తారు? రుజువు కాగితం లేక ఓడిపోయిన ఇండ్ల నుంచి వచ్చినోళ్ళం మనం. ఆ ప్రశ్న మనది కాకపోతే ఇంకెవరిది?

ముందు ఆ పని ఎట్లా చేశారో చెప్తా. విట్టోరియో సెల్లా అని ఇటలీ మనిషి. 1859లో బియెల్లా అనే ఊర్లో పుట్టాడు, 1943లో పోయాడు. ఉన్ని బట్టల వ్యాపారం చేసే డబ్బున్న ఇల్లు. వాళ్ళ నాన్న ఇటలీ భాషలో ఫోటోగ్రఫీ మీద మొదటి పుస్తకాల్లో ఒకటి రాసిన మనిషి, బాబాయి వరుసాయన ఇటలీ పర్వతారోహణ క్లబ్బు పెట్టిన మంత్రి. అంటే మనలాగా మొదటి తరం కాదు, అన్నీ అమరి ఉన్నాయి. కానీ చేసిన పని మాత్రం మామూలు పని కాదు. ఆయన మొదట్లో వాడిన కెమెరాలో ఫిల్మ్ ఉండదు, గాజు పలక ఉంటది. పలక సైజు 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. మన గోడ క్యాలెండర్ అంత అనుకోండి. ఒక్కో పలక కిలోకు కాస్త తక్కువ. కెమెరా, స్టాండు కలిపితే సగం బియ్యం బస్తాకు దగ్గర పడతది. ఈ గాజంతా పగలకుండా మంచు మీద మోయాలి. అందుకోసం వీపు సంచులు, గుర్రం జీనులు కూడా ఆయనే వేరేగా తయారు చేయించుకున్నాడు.

అంత పెద్ద పలక ఎందుకంటే, మన ఫోన్ లోపల వెలుతురును పట్టే ముక్క వేలిగోరంత ఉంటది. అది ఆకాశం చక్కగా చూపిస్తది, కానీ ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ మీద ఏ పగులు ఎక్కడుందో జూమ్ చేస్తే ముద్ద ముద్దగా అయిపోతది. గాజు పలక మీద వెయ్యిన్నర రెట్ల జాగా ఉంది. నూరేళ్ళ తర్వాత కూడా భూతద్దం పెట్టి బండలు లెక్కబెట్టొచ్చు, మంచు ఏ బండ దాకా ఉందో గీత గీయొచ్చు. అందం కోసం తీసినా, అది సర్వే కాగితం లాగా పనికొచ్చింది.

తీసే పద్ధతి కూడా ఓపిక పని. కెమెరా వెనకాల గరుకు గాజు ఉంటది, దాని మీద బొమ్మ తలకిందులుగా పడతది. నల్లగుడ్డ కప్పుకొని, ఆ తలకిందుల కొండను చూస్తూ సరిచేసుకోవాలి. గాలి ఆగాలి, మబ్బు పోవాలి. రోజంతా కూర్చుంటే రెండు మూడు పలకలు. మనం ఒక జాతరకు పోతే నాలుగు వందల ఫోటోలు తీసి, వారం తర్వాత మెమరీ ఫుల్ అని డిలీట్ చేస్తం. ఆయన పలకలు ఇప్పటికీ బియెల్లాలో సెల్లా పేరు మీద ఉన్న సంస్థలో భద్రంగా ఉన్నాయి.

కాకసస్ కొండలకు 1889 నుంచి మూడు సార్లు, 1897లో అలాస్కాకు, 1899లో సిక్కింలో కాంచనగంగ చుట్టూ, 1906లో ఆఫ్రికాలో రువెంజోరీకి, 1909లో కె2 వైపు బాల్టోరో హిమానీనదానికి పోయాడు. నూరేళ్ళ తర్వాత ఫాబియానో వెంచురా అనే ఇంకో ఇటలీ ఫోటోగ్రాఫర్ ఆ పాత ఫోటోలు పట్టుకొని, తను కూడా లార్జ్ ఫార్మాట్ కెమెరాతో బయలుదేరాడు. 2009లో కారకోరం, 2011లో కాకసస్, 2013లో అలాస్కా, ఆ తర్వాత ఆండీస్, హిమాలయాలు, ఆల్ప్స్. పాత ఫోటో తీసిన జాగా వెతకడమే సగం పని. దగ్గరున్న బండ, దాని వెనక దూరంగా ఉన్న శిఖరం పాత ఫోటోలో ఎట్లా ఒకదాని వెంట ఒకటి కుదిరాయో, అట్లా కుదిరేదాకా రెండడుగులు ఎడమకు, నాలుగడుగులు పైకి జరుగుతూ పోవాలి. కొన్నిచోట్ల అప్పుడు ఫోటోగ్రాఫర్ నిలబడింది మంచు మీద. ఆ మంచే ఇప్పుడు లేదు, మరి ఎక్కడ నిలబడాలి?

బాల్టోరో సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పదు. ప్రపంచమంతా మంచు కరుగుతుంటే, కారకోరంలో చాలా హిమానీనదాలు నూరేళ్ళ నాటితో పోలిస్తే పెద్దగా తగ్గలేదు. బాల్టోరో కూడా అంతే. శాస్త్రవేత్తలు దీనికి కారకోరం వింత అన్నట్టు ఒక పేరే పెట్టారు. వెంచురా తన ఫోటోల్లో ఆ సంగతి దాచలేదు. మనకు కావాల్సిన జవాబు రాకపోయినా చూపించాలి, అప్పుడే మిగతా ఫోటోలను నమ్ముతారు. మన ఉద్యమాల్లో ఫోటోలు పెట్టే అన్నలు కూడా ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. వేరే రాష్ట్రంలో ఎప్పుడో కూలిన ఇంటి ఫోటో తెచ్చి మన మండలం అని పెడితే, రేపు మన మండలంలో నిజంగా కూల్చినా ఎవడూ నమ్మడు.

ఇక మనకు దగ్గరి సంగతి. 1921లో ఎవరెస్టుకు దారి వెతకడానికి బ్రిటిష్ వాళ్ళు టిబెట్ వైపు నుంచి పోయారు. జార్జ్ మల్లోరీ అనే ఆయన రోంగ్‌బుక్ హిమానీనదం ఫోటో తీశాడు. ఆ యాత్రలో ఆయన కెమెరాలో పలకలు వెనక్కి తిప్పి పెట్టడంతో కొన్ని రోజుల ఫోటోలు మొత్తం పాడైపోయి, మళ్ళీ కొండెక్కి తీయాల్సి వచ్చిందట. (అంత పెద్దోళ్ళకే అట్లయితే మనం భయపడేది ఏముంది.) 2007లో డేవిడ్ బ్రీషియర్స్ అనే అమెరికా పర్వతారోహకుడు అదే చోటు వెతికి మళ్ళీ తీశాడు. 1921 ఫోటోలో లోయ నిండా తెల్లగా, కత్తుల్లాగా నిలబడ్డ మంచు. 2007లో అక్కడ రాళ్ళు, మట్టి. మంచు మట్టం సుమారు వంద మీటర్లు కిందికి దిగిపోయింది. వంద మీటర్లంటే ముప్పై అంతస్తుల బిల్డింగు.

ఏడేళ్ళ తర్వాత అదే టిబెట్ వైపు నుంచి, అదే రోంగ్‌బుక్ లోయలో నుంచి మన పిల్ల నడిచి పోయింది. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ, గురుకులంలో చదివిన పిల్ల. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ రోజు జెండా పట్టుకున్న ఫోటో మన హాస్టళ్ళ గోడల మీద ఎన్ని చోట్ల ఉందో మీకు తెలుసు. ఆ ఫోటో చూసి నేను చిన్నప్పుడు గర్వపడ్డా, ఇప్పటికీ గర్వమే. కానీ ఇప్పుడు చూస్తే నాకు ఇంకో ఆలోచన వస్తది. మన పిల్లలు ఎవరెస్టు ఎక్కగలరని నిరూపణ అయిపోయింది. ఇక ఎక్కినోళ్ళ చేతికి జెండాతో పాటు మల్లోరీ ఫోటో ప్రింటు ఒకటి, మంచి కెమెరా ఒకటి ఎందుకు ఇయ్యకూడదు? మన గురుకులాల పిల్లల్ని పర్వతారోహణకు తీసుకపోయారు కదా. శిఖరం మీద ఐదు నిమిషాలు ఉంటరు. దారిలో నెల రోజులు ఉంటరు. ఆ నెలలో ఒకే రాయి మీద నిలబడి ఏటా ఒక ఫోటో తీసినా, ఇరవై ఏళ్ళకు అది ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని లెక్క అయితది, గిరిజన పిల్లల పేరు మీద ఉన్న లెక్క అయితది.

ఇప్పుడు కోపం సంగతి. రువెంజోరీ అనేది ఉగాండా, కాంగో దేశాల మధ్య ఉన్న కొండల వరుస. దాదాపు భూమధ్యరేఖ మీద ఉంటది, అయినా పైన మంచు. ఆ కొండలు బకోంజో జనానివి. ఆ మంచులో వాళ్ళ దేవుడు కితసాంబ ఉంటాడని వాళ్ళ నమ్మకం. ఆ జనం తమ రాజ్యానికి పెట్టుకున్న రువెంజురూరు అనే పేరులోనే వాళ్ళ భాషలో మంచు అనే మాట ఉంది. 1906 జూన్‌లో ఇటలీ రాజవంశానికి చెందిన అబ్రూజీ ప్రభువు, సెల్లాను వెంటబెట్టుకొని వచ్చాడు. కింద నుంచి బరువులు మోసింది, దారి చూపింది, బురదలో దిగింది బకోంజోలు. శిఖరాలకు పెట్టిన పేర్లు మాత్రం చూడండి. అన్నిటికంటే ఎత్తైన 5109 మీటర్ల శిఖరానికి ఇటలీ రాణి మార్గరీటా పేరు. పక్కదానికి ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా పేరు. మిగతా కొండలకు స్టాన్లీ, స్పీక్, బేకర్ అని తెల్ల యాత్రికుల పేర్లు. ఆ జాబితాలో సామాను మోసినోళ్ళ పేరు ఒక్కటీ లేదు.

సెల్లాను నేను చెడ్డవాడు అనను. కాకసస్‌లో, ఆఫ్రికాలో మనుషుల ఫోటోలు కూడా తీశాడు, చులకన చేసి తీయలేదు. కానీ ఆ కాలంలో పేరుపొందిన మంచుకొండల ఫోటోలు ఎక్కువ భాగం మనుషులు లేని ఫోటోలు. చూసినోడికి అక్కడ ఎవరూ ఉండరు, అది ఎవరిదీ కాదు అనిపిస్తది. పలకలు మోసిన భుజం ఫ్రేములో లేదు. అడవి ఫోటోలు కూడా అట్లనే తీస్తారు, చూడండి. పులి ఉంటది, జలపాతం ఉంటది, పొగమంచు ఉంటది. ఆ పక్కనే ఉన్న మన పల్లె ఉండదు. టూరిజం పోస్టర్ మీద మనం లేం, ఖాళీ చేయించే లిస్టులో మాత్రం ఉంటం.

1906లో రువెంజోరీ మీద ఆరు కొండల మీద కలిపి నలభైకి పైగా హిమానీనదాలు, మొత్తం సుమారు 7 చదరపు కిలోమీటర్ల మంచు ఉండేది. ఈ శతాబ్దం మొదటికే అది ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, మూడు కొండల మీదే మిగిలింది. ఆఫ్రికాలో వారసత్వ ప్రదేశాల్లో ఉన్న హిమానీనదాలన్నీ 2050 కల్లా పోతాయని యునెస్కో 2022లో చెప్పింది. సెల్లా పలకలు లేకపోతే ఎంత పోయిందో ఇంత కచ్చితంగా తెలిసేది కాదు, ఒప్పుకుంటా. కానీ బకోంజోలకు పోయింది చదరపు కిలోమీటర్లు కాదు, దేవుడు ఉండే ఇల్లు. మన సమ్మక్క గద్దె, మన నాగోబా, మన కొండదేవర ఉండే గుహ కరిగిపోతే ఎట్లుంటదో ఆలోచించండి. ఆ నష్టానికి ఏ గాజు పలక మీద లెక్క ఉంది?

అలాస్కా సంగతి ఇంకా గట్టిది. గ్లేసియర్ బే అనే చోట మ్యూర్ అనే హిమానీనదం ఉంది. 1941 ఆగస్టులో విలియం ఫీల్డ్ అనే ఆయన తీసిన ఫోటోలో నీళ్ళ నుంచి లేచిన పెద్ద మంచు గోడ కనిపిస్తది. 2004 ఆగస్టులో అదే చోట నుంచి తీసిన ఫోటోలో నీళ్ళు, పచ్చటి చెట్లు. మంచు 12 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది, 800 మీటర్లకు పైగా పలచబడింది. ఈ జత ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి: ఆ బేలో మంచు వెనక్కి పోవడం ఫ్యాక్టరీల పొగ కంటే ముందే, 1700ల చివర్లోనే మొదలైంది. సముద్రంలో దిగే హిమానీనదాలకు వాటి లెక్క వాటికి వేరే ఉంటది. కాబట్టి ఈ ఒక్క ఫోటో చూపించి మొత్తం భూమి వేడెక్కడాన్ని నిరూపించలేం. దానికి వేల హిమానీనదాల కొలతలు కావాలి, అవి ఉన్నాయి కూడా.

ఆ హిమానీనదానికి పేరు వచ్చిన జాన్ మ్యూర్ 1879లో అక్కడికి పడవలో పోయాడు. పడవ నడిపింది ట్లింగిట్ అనే అక్కడి ఆదివాసీ జనం. టోయాట్టే, కడచాన్, జాన్, సిట్కా చార్లీ అని పేర్లు కూడా మ్యూర్ తన పుస్తకంలో రాశాడు, అది మెచ్చుకోవాలి. అసలు అక్కడ మంచు నిండిన అఖాతం ఉందని చెప్పిందే సిట్కా చార్లీ. చిన్నప్పుడు సీల్ జంతువుల వేటకు అక్కడికి వచ్చానని, అక్కడ పొయ్యిలోకి కట్టె దొరకదు, ముందే ఎక్కించుకోండి అని చెప్పాడు. తెలిసినోడు చార్లీ, పేరు మాత్రం మ్యూర్‌ది.

ఇంకా వెనక్కి పోతే, హూనా ట్లింగిట్ పెద్దలు తరతరాలుగా ఒక కథ చెప్తారు. ఆ బే ఒకప్పుడు వాళ్ళ ఊరు, చేపలు దొరికే మంచి జాగా. అక్కడ మంచు లేదు. ఈడేరి విడిగా కూర్చున్న ఒక పిల్ల ఒంటరితనంతో మంచును కుక్కను పిలిచినట్టు పిలిచింది. మంచు పరుగెత్తుకొచ్చింది, ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. ఆ కథ ఆ వంశం వాళ్ళ సొత్తు, వాళ్ళ అనుమతి లేకుండా ఎవరూ పూర్తిగా చెప్పకూడదు, కాబట్టి నేను రెండు ముక్కలే చెప్పా. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నారు. తర్వాత భూమి పొరలు, పాతుకుపోయిన చెట్ల మొద్దులు చూసి శాస్త్రవేత్తలు లెక్కగడితే, నిజంగానే 1700ల్లో మంచు చాలా వేగంగా ముందుకొచ్చి ఆ లోయను మింగిందని తేలింది. కెమెరా పుట్టక ముందు సంగతి ఇది. దాన్ని ముసలమ్మల నోరు భద్రంగా మోసింది.

మరి ఆ జనానికి ఏమిచ్చారు? 1925లో ఆ జాగాను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తర్వాత వేట మీద, ఏరుకోవడం మీద ఒక్కొక్కటిగా ఆంక్షలు వచ్చాయి. తాతల కాలం నుంచి గల్ పక్షుల గుడ్లు ఏరుకునేవాళ్ళు, అది కూడా నేరం అయింది. మళ్ళీ గుడ్లు ఏరుకోవడానికి 2014లో అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. తునికాకు, ఇప్పపువ్వు, వెదురు దగ్గర మనోళ్ళు పడ్డ పాట్లు గుర్తొస్తలేవా?

మన దేశంలో కూడా చూడండి. సెల్లా 1899లో తిరిగిన సిక్కింలోనే తీస్తా నది లోయల్లో లెప్చా ఆదివాసీలు ఉంటారు. తమ పవిత్ర భూమిలో, ఆ నది మీద డ్యాములు వద్దని ఏళ్ళ తరబడి నిరాహార దీక్షలు చేశారు. 2023 అక్టోబర్ 4 తెల్లవారకముందే పైన హిమానీనదం కరిగి ఏర్పడ్డ సౌత్ లోనాక్ చెరువు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల డ్యామును ఊడ్చుకుపోయింది. ఆ చెరువు ఏటేటా పెద్దదవుతున్నట్టు ఉపగ్రహం ఫోటోలు ముందు నుంచే చూపిస్తున్నాయి. ఫోటో ఉంది, పెద్దల మాట ఉంది, రెండింటినీ వినే చెవి లేదు. దీని మీద వేరే పోస్టు రాయాలి, ఇప్పుడు వదిలేస్తా.

ఇక ఇదంతా మన గుట్ట దగ్గరికి ఎట్లా వస్తదో చెప్తా. మా తాత పోడు మీద పట్టా కోసం క్లెయిమ్ పెట్టాడు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలి. తాత పుట్టిందే ఆ చేను పక్కన గుడిసెలో. అయినా కాగితం తిరిగొచ్చింది. ఆధారం చాలదు, ఉపగ్రహ చిత్రంలో చెట్లు కనిపిస్తున్నాయి అన్నారు. ఆ చెట్లు ఏవంటే మా చేలో మేము నరకకుండా ఉంచుకున్న ఇప్పచెట్లు. పైనుంచి చూసే కన్నుకు ఇప్పచెట్టు అడవి, కింద నిలబడ్డోడికి చేను. తాత అటువైపు వాళ్ళతో ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, "మనం ఉన్నట్టు చెట్టుకు తెలుసు, వీళ్ళకు తెల్వదు" అన్నాడు.

చట్టం రూల్స్ నేను తర్వాత చదివా, మీరు కూడా చదవండి. 13వ రూలులో ఆధారాల జాబితా ఉంది. గట్లు, చెక్‌డ్యాములు, భూమి చదును చేసిన గుర్తులు, పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు ఇవన్నీ ఆధారాలే. క్లెయిమ్ పెట్టినోళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా ఆధారమే. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు అని 2012 సవరణలో స్పష్టంగా రాశారు. కానీ గ్రామసభలో ఈ మాట లేచి అడిగే మనిషి ఉండాలి, చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మంచు ఫోటోగ్రాఫర్ల పని నాకు అక్కడ పనికొచ్చేట్టు కనిపించింది. 2004లో ఎవరిదో పెండ్లి ఫోటోలో వెనకాల మా చేను గట్టు, దాని వెనక గుట్ట అంచు కనిపిస్తే, అదే చోట నిలబడి, గట్టును గుట్ట అంచుకు కుదిర్చి ఇప్పుడు ఇంకో ఫోటో తీస్తే, ఆ గట్టు ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు కండ్ల ముందు పెట్టినట్టే కదా. ఇది నెగ్గుతదని నేను గ్యారంటీ ఇయ్యను. కానీ ఉత్త చేతులతో పోవడం కంటే మేలు.

మనకు పాత ఫోటోలు లేవనుకోకండి. 1940ల్లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ రాజ్‌గోండుల దగ్గర ఉండి వేల ఫోటోలు తీశాడు. అవి లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన ముత్తాతల ముఖాలు లండన్‌లో ఉన్నాయి, మన దగ్గర లేవు. ఆదిలాబాద్ వైపు తమ్ముళ్ళు మార్లవాయిలో, చుట్టుపక్కల ఊర్లలో ఆ ఫోటోల ప్రింట్లు పట్టుకొని తిరిగి, ఇది ఏ చోటు, ఇది ఎవరి తాత అని పెద్దోళ్ళను అడిగి రాసిపెడితే, సెల్లా, వెంచురా చేసిన దానికంటే మనది పూర్తి పని అయితది. ఎందుకంటే మనం కొండ పేరు మాత్రమే కాదు, మనిషి పేరు కూడా రాస్తం. చెప్పగలిగిన పెద్దోళ్ళు ఎనభై దాటిన వాళ్ళు, అది మర్చిపోవద్దు.

కొన్ని పని మాటలు. లార్జ్ ఫార్మాట్ కెమెరా మనం కొనలేం, దాని గురించి బాధ వద్దు. ఫోన్ చాలు, కానీ పద్ధతి వాళ్ళది తీసుకోవాలి. కదలని బండ ఒకటి ఎంచుకొని దాని మీద నిలబడి తీయాలి. ఫోన్ చేతిలో ఊగకుండా రాయి మీద ఆనించాలి, జూమ్ చేయొద్దు, ఫిల్టర్ వేయొద్దు. తారీఖు, టైము, ఎటు వైపు తిరిగి తీశారో నోటుబుక్కులో రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతది, లోపల ఉన్న తారీఖు, లొకేషన్ కూడా పోతాయి, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. ఇంకో మాట, ఇది పద్ధతి కంటే ముఖ్యం. దేవతల చోట్లు పెద్దలను అడగకుండా తీయొద్దు. వద్దంటే వద్దు. కొన్ని చోట్లు ఫోటోలో లేకపోవడమే మంచిది, వాటికి నోటి మాట సాక్ష్యం సరిపోతదని చట్టమే ఒప్పుకుంది. మన ఆడోళ్ళ ఫోటోలు అడవి అందాలు అని పేజీల్లో పెట్టే వాళ్ళను చూస్తున్నం కదా, మనం ఆ పని చేయొద్దు.

సీనియర్ అన్న ఇంకా ఒప్పుకోలేదు. "ఫోటోలు తీస్తే పట్టా వస్తదా, కొట్లాడితే వస్తది" అంటున్నాడు. కొట్లాట వద్దని నేను అనలేదు. కుమ్రం భీం కూడా అర్జీలు పెట్టించాడు, ఆ తర్వాతే తుపాకి పట్టాడు. ఈ విషయంలో నాతో కలవని వాళ్ళు కింద రాయండి, తిట్టినా పర్వాలేదు, చదువుతా.

దసరా సెలవులకు నేను ఊరికి పోతున్నా. మా వాగు దాటాక ఏనుగు బండ అని ఒకటుంది, దాని మీద నుంచి మా గుట్ట, నాలుగు చేలు, చింతచెట్టు కనిపిస్తాయి. పొద్దున ఎనిమిదింటికి ఎండ గుట్ట మీద పక్కనుంచి పడతది, గట్లు నీడతో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ టైముకే తీస్తా, వచ్చే ఏడు దసరాకు కూడా అదే టైముకు తీస్తా. మీ ఇండ్లల్ల రేకు పెట్టెలు వెతకండి. 2005 కంటే ముందు తీసిన పెండ్లి ఫోటో, సావు ఫోటో, స్కూలు గ్రూపు ఫోటో ఏదన్నా సరే, మనుషుల వెనకాల గుట్ట గాని, చేను గాని, గుడిసె గాని కొంచెం కనిపిస్తే చాలు. వెనక రాసిన పేరు, తారీఖు ఉంటే దాన్ని కూడా ఫోటో తీసి డాక్యుమెంట్‌గా నాకు పంపండి. ఊరి పేరు, మండలం, ఫోటోలో ఉన్నోళ్ళ పేర్లు రాయడం మర్చిపోవద్దు.